పంటి మీద నూలు గాడి

బందరు చిలకలపూడిలో గిల్టు నగల దుకాణం మీద ఒక మేడగది. బోర్డు మీద 'రాజ్యలక్ష్మి, ప్రైవేట్ డిటెక్టివ్' అని ఉంటుంది. ఆ బోర్డు చూసి నవ్వుకుంటూ మెట్లెక్కినవాళ్ళు చాలామందే ఉన్నారు, నవ్వుకుంటూ దిగినవాళ్ళు మాత్రం తక్కువ. ఆవిడ ఇరవై రెండేళ్ళపాటు చేపల చెరువుల ఇన్సూరెన్సు క్లెయిములు పరిశీలించిన మనిషి. చచ్చిన చేపను చూసి అది ఎప్పుడు చచ్చిందో, ఎవరి చెరువులో చచ్చిందో చెప్పేస్తుందని పేరు. అసిస్టెంటు డేనియల్‌కు ఆవిడ మాటంటే వేదం. ఆ సంగతి ఆవిడకు తెలుసు, తెలియనట్టు ఉంటుంది.

మంగళవారం పది కాకముందే ఒకమ్మాయి గబగబా మెట్లెక్కి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా పేరు హిమబిందు అండి. మాది గుడివాడ. ఇక్కడ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ల్యాబులో ఒక ఎముక పోయిందండి. నేనే దాచానంటున్నారు. ఎల్లుండి కమిటీ కూర్చుంటుంది. ఆలోగా అది దొరక్కపోతే ఐదేళ్ళ చదువూ నీళ్ళపాలే."

"ఎవరి ఎముక?" అంది రాజ్యలక్ష్మి.

"నాలుగు వేల ఏళ్ళ నాటి మనిషిదండి."

"అయితే వాళ్ళ తాలూకువాళ్ళెవరూ కేసు పెట్టరులే. కూర్చో అమ్మా, కాఫీ తాగుతూ చెప్పు."

అప్పటికి ఆ పిల్ల కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది గానీ కథ మాత్రం పూర్తిగా చెప్పింది.

రెండేళ్ళ కిందట ముదినేపల్లి దగ్గర చేపల చెరువు తవ్వుతుంటే కింది దవడ ముక్క ఒకటి బయటపడింది. అరచేతిలో పట్టేంత ముక్క, ముందు పళ్ళతో సహా ఉంది. గుడివాడలో ఒక స్కానింగ్ సెంటర్‌లో దాన్ని స్కాన్ చేయించి, కంప్యూటర్‌లో బొమ్మగా కట్టి, పళ్ళ అరుగుదల కొలిచారు. ఒక పంటి అంచున సన్నని గాడి కనిపించింది. అలాంటి గాడే దివిసీమలో వలలు అల్లే పెద్దవాళ్ళ నోట్లో ఈనాటికీ ఉంది. నూలును పళ్ళ మధ్య బిగబట్టి లాగి లాగి పడిన గాడి అది. అలాంటివాళ్ళలో పంతొమ్మిది మంది పళ్ళకు ప్లాస్టర్ అచ్చులు తీసి ఆ పాత దవడతో పోల్చారు. అంటే నాలుగు వేల ఏళ్ళ కిందట కూడా ఇక్కడ వల అల్లినవాడు ఒకడున్నాడన్నమాట.

"బావుంది. మరి గొడవెక్కడొచ్చింది?"

"గాడి ఏ పక్కన ఉందనే దగ్గరండి. కుడిచేతివాటం వాళ్ళు వల అల్లితే గాడి ఎడమ పంటి మీద పడుతుంది. ఎడమచేతివాటమైతే కుడి పంటి మీద. నాతోపాటు పనిచేసే అనుదీప్, దవడలో గాడి కుడి పక్కన ఉందనీ, ఆ మనిషిది ఎడమచేతివాటమనీ జూన్‌లో పోస్టర్ వేశాడు. చాలా పేరొచ్చింది. దాంతోనే పెద్ద సంస్థలో ఉద్యోగానికి ఎంపికయ్యాడు. మొన్న శుక్రవారం నా దగ్గరున్న స్కాన్ కాపీ తెరిచి చూస్తే, గాడి ఎడమ పక్కన ఉంది. శనివారం సాయంత్రం అనుదీప్‌తో అన్నాను, సోమవారం అసలు ఎముకే తీసి చూద్దామని. సోమవారం బీరువా తెరిస్తే డబ్బా ఖాళీ."

"తాళం?"

"పగలగొట్టలేదండి. తాళంచెవి ల్యాబులో మేకుకే ఉంటుంది. రిజిస్టర్‌లో ఆఖరి సంతకం నాదే."

"నువ్వు స్కాన్ మార్చేసి, ఎముక ఉంటే దొరికిపోతానని దాన్ని మాయం చేశావన్నది వాళ్ళ వాదన. అంతేనా?"

హిమబిందు కళ్ళు తుడుచుకుంటూ తలూపింది.

"ఏడవకు. ఎముక దొరికితే రెండు స్కాన్‌లలో ఏది అబద్ధమో తేలిపోతుంది. అందుకే అది పోయింది," అంది రాజ్యలక్ష్మి చెప్పులు వేసుకుంటూ.

* * *

ల్యాబు అంటే రెండు కంప్యూటర్లు, ఒక బీరువా, గోడ నిండా అరలు. అరల్లో పళ్ళ అచ్చులు వరసగా ఇకిలిస్తున్నాయి. డేనియల్‌కు అవన్నీ తననే చూసి నవ్వుతున్నట్టు అనిపించింది.

విభాగం పెద్ద రామబ్రహ్మం గారికి అరవైకి దగ్గర వయసు. వచ్చిన ఇద్దరినీ చూసి మొహం చిట్లించుకున్నాడు. "డిటెక్టివులెందుకండీ? ఇది మా ఇంటి విషయం."

"ఇంటి విషయమైతే ఇంటి పిల్లను ముందే దొంగ అనరు కదండీ," అంది రాజ్యలక్ష్మి. ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు.

అనుదీప్ మాత్రం మర్యాదగా అన్నీ చూపించాడు. సన్నగా, చురుగ్గా ఉన్నాడు. గోడమీద అతని పోస్టర్ నిలువెత్తున ఉంది. చెరువులోంచి తీసిన దవడను తీసినట్టే, మట్టి కూడా వదిలించకుండా కంప్యూటర్‌లో కట్టిన బొమ్మ అది. ఒక పంటి గుంటలో మట్టితోపాటు వేలి గోరంత నత్త ఇరుక్కుని ఉంది. మొనదేలిన సన్న నత్త, మొన పైకి ఉంది, నోరు ఎడమ పక్కకు తెరుచుకుని ఉంది. రాజ్యలక్ష్మి ఆ పోస్టర్ ముందు చాలాసేపు నిలబడింది.

"మీ ఇద్దరి స్కాన్‌లూ ఒకే చోట నుంచి వచ్చాయిగా బాబూ. ఒకటి అద్దంలో చూసినట్టు ఎందుకుంది?"

"పోలిక కోసం మేం కొన్ని బొమ్మల్ని అద్దంలో లాగ తిప్పుతామండి. పంతొమ్మిది మందిలో కొందరికి ఎడమ గాడి, కొందరికి కుడి గాడి. అన్నింటినీ ఒకే వైపుకు తెస్తే గానీ ఆకారం పోల్చలేం. పని అయ్యాక మళ్ళీ మామూలుగా తిప్పేస్తాం. హిమబిందు తిప్పాక మర్చిపోయి ఉండాలి. లేదా కావాలనే..." అని ఆగాడు.

"ఉద్యోగంలో ఎప్పుడు చేరుతున్నావు?"

"వచ్చే నెల ఒకటినండి. మా అమ్మ అప్పుడే సామాను సర్దేస్తోంది," అని నవ్వాడు. ఆ ఒక్క నవ్వూ నిజమైనదే.

ఇంతలో డేనియల్ అరల ముందు అచ్చుల అడుగున పెన్సిల్‌తో రాసిన పేర్లు చదువుతున్నాడు. "ఇదేంటండీ, తాతారావు గారివి రెండున్నాయి?"

"ఆయన మొదటి అచ్చు సరిగా రాలేదండి. మార్చిలో వెళ్ళి మళ్ళీ తీశాం," అన్నాడు అనుదీప్.

డేనియల్ రెండోదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దాని దిమ్మ మిగతావాటికంటే మందంగా, బరువుగా ఉంది. పట్టుకుంటే కుండలా చల్లగా తగిలింది. తిరిగి అరలో పెట్టేసి అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

మెట్లు దిగుతూ ఆ మాట చెప్తే రాజ్యలక్ష్మి టక్కున ఆగిపోయింది. "చల్లగా ఉందా? నీకు జీతం పెంచాలోయ్," అంది. ఎందుకో మాత్రం చెప్పలేదు. డేనియల్ ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

* * *

బుధవారం ఉదయం ఇద్దరూ స్కూటర్ మీద గుడివాడ వెళ్ళారు. స్కానింగ్ సెంటర్‌లో అసలు స్కాన్ ఉందా అని అడిగితే టెక్నీషియన్ శివ చేతులెత్తేశాడు. "ఆరు నెలలకోసారి అన్నీ తుడిచేస్తాం మేడమ్. మనుషులవే ఉంచం, ఎముక ముక్కది ఎక్కడుంచుతాం?"

అక్కడినుంచి ముదినేపల్లి. దవడ దొరికిన చెరువు గట్టున బాతులు నత్తల కోసం బురద కెలుకుతున్నాయి. రాజ్యలక్ష్మి ప్లాస్టిక్ బకెట్ ఒకటి డేనియల్ చేతికిచ్చింది.

"ఆ మొనదేలిన సన్న నత్తలున్నాయే, అవి ఏరు. ఒక వంద చాలు."

"వందా?"

"కేసు తేలాలంటే వంద. నీ మోకాళ్ళు నొప్పెడితే తొంభై ఎనిమిది."

డేనియల్ బురదలోకి దిగాడు. తల ప్రాణం తోకకొచ్చింది. ఏరిన ప్రతి నత్తనూ ఆవిడ మొన పైకి పెట్టి చూసి, మళ్ళీ బకెట్‌లో వేసింది. అన్నింటి నోరూ కుడి పక్కకే ఉంది. ఆ సంగతి డేనియల్ కూడా గమనించాడు గానీ దాంతో ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

గట్టు మీద కూర్చునే ఆవిడ దివిసీమకు ఫోన్ చేసింది. తాతారావు నాగాయలంక దగ్గర వలలు అల్లే మనిషి, డెబ్భై దాటాయి.

"తాతారావు గారూ, కాలేజీవాళ్ళు మీ పళ్ళకు అచ్చు ఎన్నిసార్లు తీశారండీ?"

"ఒకేపాలండి. ఆ పిండి ముద్ద నోట్లో కుక్కితే డోకొచ్చి సచ్చాను. రెండోపాలి వత్తే పడవేసుకుని సముద్రంలోకి పోయేవోణ్ణి."

"రేపు ఉదయం బందరు రాగలరా? కారు పంపిస్తాను. అచ్చు తీయరు, నాది పూచీ."

"అట్టాగైతే వత్తానండి."

* * *

గురువారం కమిటీ కూర్చోడానికి గంట ముందు అందరూ ల్యాబులో చేరారు. రామబ్రహ్మం గారు గడియారం చూసుకుంటున్నాడు. అనుదీప్ కిటికీ దగ్గర, హిమబిందు తలుపు దగ్గర. వాళ్ళిద్దరూ ఐదేళ్ళు ఒకే టిఫిన్ డబ్బాలోంచి తిన్నవాళ్ళు. ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. తాతారావు తెల్లని పంచెలో స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు. డేనియల్ బకెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. బురద వాసన గదంతా పట్టింది.

"ఈ ఇద్దరిలో ఒకరి బొమ్మ తిరగబడింది," అని మొదలుపెట్టింది రాజ్యలక్ష్మి. "ఎవరిదో తేల్చాలంటే బొమ్మలో అటూ ఇటూ మారడానికి వీల్లేని వస్తువు ఒకటి ఉండాలి. ఉంది. పోస్టర్‌లో పంటి గుంటలో నత్త చూడండి. మొన పైకి, నోరు ఎడమకు. ఇప్పుడు ఈ బకెట్ చూడండి. అదే చెరువు, అదే జాతి, వంద నత్తలు. అన్నింటి నోరూ కుడికే."

రామబ్రహ్మం గారు కళ్ళజోడు సవరించుకుని ఒక నత్తను తీశాడు, పోస్టర్ దగ్గరికి వెళ్ళాడు, ఇంకొకటి తీశాడు. నాలుగోదాన్ని చూడకుండానే బకెట్‌లో వేసేశాడు.

"నత్త ఒక్కటే తిరగబడదండీ. పోస్టర్‌లో దవడ మొత్తం తిరగబడింది. హిమబిందు కాపీలో నత్త నోరు కుడికే ఉంది, ఇందాకే చూశాను. పోలిక కోసం తిప్పిన బొమ్మను మళ్ళీ తిప్పడం మర్చిపోయి పోస్టర్ వేసింది అనుదీప్."

"ఎడమకు తిరిగే నత్తలూ ఉంటాయండి," అన్నాడు అనుదీప్. "అరుదుగా."

"ఉంటాయి బాబూ. ఎక్కడో ఒకటి. అందుకే నత్తతో ఆగలేదు. తాతారావు గారూ, అచ్చు ఎన్నిసార్లు తీశారు?"

"ఒకేపాలండి. సెప్పాను కదా."

"అరలో మాత్రం రెండున్నాయి. మార్చిలో రెండోసారి తీశామని అనుదీప్ అన్నాడు. ఐదు నెలల కిందటి ప్లాస్టర్ ఎండి గుల్లై ఉండాలి. మంగళవారం డేనియల్ పట్టుకుంటే చల్లగా తగిలింది, లోపల తడి ఆరలేదు. అంటే పోసి రెండు రోజులే. శనివారం సాయంత్రం ఎముక చూద్దామని హిమబిందు అంది, ఆదివారం ఎవరూ లేరు. తాతారావు గారి పాత మూసలో పళ్ళు పోసి, కింద దిమ్మ మందంగా కట్టారు."

ఆవిడ ఆ అచ్చును బల్ల మీద పెట్టింది. సంచిలోంచి సుత్తి తీసింది. గట్టిగా ఎత్తింది.

"మధ్యలో కొట్టకండి!"

అరిచింది హిమబిందు కాదు. అనుదీప్. ఒక్క అంగలో వచ్చి అచ్చును రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. "పక్కనుంచి రంపంతో కొయ్యాలి మేడమ్. పళ్ళు ఈ వైపున్నాయి. దెబ్బ తగిలితే..."

తానేమన్నాడో అనుదీప్‌కు అప్పటికి తెలిసింది.

రాజ్యలక్ష్మి సుత్తి కింద పెట్టింది. "కొట్టేదాన్ని కాదులే. ఎముకను సముద్రంలో పారేస్తే ఎవరికీ దొరికేది కాదు. అది చెయ్యడానికి నీకు చేతులు రాలేదు, అందుకే ప్లాస్టర్‌లో భద్రంగా పెట్టుకున్నావు. అక్కడే నిన్ను పట్టుకోవచ్చని అనుకున్నాను."

"శనివారం దాకా నాకూ తెలియదండి," అన్నాడు అనుదీప్. "తిప్పడం మర్చిపోయాను, అంతే. ఆ రాత్రి పాత ఫైల్ తెరిచాకే తెలిసింది. అప్పటికే ఉద్యోగం కాగితం వచ్చేసింది, ఊరందరికీ చెప్పుకున్నాం."

"మర్చిపోవడం ఎవరికైనా జరిగేదే. ఒక ఉత్తరం రాస్తే పోయేది," అంది హిమబిందు. సోమవారం తర్వాత మొదటిసారి అతని వైపు చూసి మాట్లాడింది. "నన్ను దొంగని చేశావు కదా అనుదీప్. నేనే దాచానని సార్‌కు నువ్వే రాశావు కదా."

అనుదీప్ రంపం తీసుకుని తనే కోశాడు. కోత ఎక్కడా పక్కకు పోలేదు. ప్లాస్టర్ చీలింది. లోపల పాలిథిన్ కవరు, దూది, దూదిలో గోధుమరంగు దవడ. గాడి ఎడమ పంటి మీద ఉంది.

రామబ్రహ్మం గారు వంగి ఆ గాడిని చూశాడు. తర్వాత ఆయన హిమబిందు ఎదుటికి వచ్చి, "నిన్ను అడగకుండానే నమ్మేశానమ్మా. తప్పు నాది. కమిటీ ముందు కూడా ఇదే చెప్తాను," అన్నాడు. అనుదీప్ పోస్టర్‌ను గోడమీంచి తనే తీసి, చుట్టి, ఆయన చేతిలో పెట్టి బయటికి నడిచాడు. కమిటీ గది వైపే వెళ్ళాడు.

హిమబిందుకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

స్టూలు మీదినుంచి తాతారావు మెల్లగా లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. నాలుకతో తన పంటి గాడిని తడుముకున్నాడు.

"ఇతను మాలాగ కుడిచెయ్యేనా అమ్మా?"

"అవును తాతా," అంది హిమబిందు. "నీలాగే కూర్చుని అల్లేవాడు. ఎడమ పళ్ళ మధ్య నూలు పట్టుకుని."

ముసలాయన దవడను ముట్టుకోలేదు. అడుగు దూరంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పళ్ళతో లాగొద్దురా, అరిగిపోతాయి అని మా అయ్య కొట్టేవోడండి," అన్నాడు. "ఈయన్నీ ఎవరో కొట్టే ఉంటారు. ఇనలేదు కదా."