జల్లెడలో పోయిన మాటలు

2094 నాటికి హేమగిరి పట్నంలో మనుషులు గడప దాటడం మరిచిపోయారు. ఎండ యాభై డిగ్రీలు దాటాక చదువూ, ఉద్యోగమూ, బజారూ చల్లగదుల్లోకే వచ్చేశాయి. ఇరుగుపొరుగు తెలియని ఊరిని వదలడానికి ఎవరికీ బాధ కలగలేదు. ఒక్కొక్క కుటుంబమే సముద్రతీర నగరాలకు తరలిపోతోంది. ఇంకో నలభై కుటుంబాలు వెళితే ఊరికి నీటిగొట్టం ఆపేస్తారు.

జనాన్ని మళ్ళీ గడప దాటించమని, ఆ ఊళ్ళోనే పుట్టిన శాస్త్రవేత్త వకుళకు నగరపాలక సంస్థ రోడ్ల కోసం దాచిన నిధంతా ఇచ్చేసింది. ఆమె ఛాయాధారిని తయారుచేసింది. ముప్ఫై రెండు సన్నని లోహపు చేతులతో తోలుబొమ్మలాడించే రోబో అది. పాత ప్రదర్శనల రికార్డింగులు ఆరువందలు విని రామాయణ పద్యాలూ రాగాలూ నేర్చుకుంది. గడియారస్తంభం సర్కిల్లో వేసిన నల్లపందిరి, మీట నొక్కగానే చల్లబడి, సాయంత్రం నాలుగింటికే చీకటి చేస్తుంది.

మొదటిరోజు మూడువందలమంది వచ్చారు. పదోరోజు పదకొండుమంది. అందులో ఇద్దరు నిద్రపోయారు.

బొమ్మలు చేసిచ్చిన కుళ్ళాయప్ప దగ్గరికి వకుళ వెళ్ళింది. ఒకప్పుడు ఆయన ఊరూరా తోలుబొమ్మలాడించినవాడు.

"శ్రుతి వెంట్రుకవాసి తప్పలేదు పెద్దాయనా. మరి జనం ఎందుకు రారు?"

"శ్రుతి బాగానే ఉండాది తల్లీ. ఎగతాళి యాడికి పాయె?"

"ఎగతాళా?"

"మేము ఊళ్ళోకి పోతానే వీధులన్నీ తిరుగుతాం. ఎవురి మ్యాక ఎవురి చెట్టు మేసింది, ఏ అల్లుడు అలిగినాడు, అన్నీ ఇంటాం. సీతమ్మ ఏడ్చినాక నవ్వుబొమ్మలొచ్చి ఆ మాటలే చెప్తాయి."

వకుళ నాలుక కరుచుకుంది. రికార్డింగులను వడకట్టే శబ్దశోధినికి సూత్రం ఇచ్చింది తనే. అన్ని ఊళ్ళలోనూ ఒకేలా వినబడేది కథ, ఊరినిబట్టి మారేది రొద. రొదంతా జల్లెడ పట్టి పారేసింది.

"అయినా దేవుడి కథలో ఈ చాడీలెందుకు? రాముడు చాలడా?"

"ఆ సామి అందరోడమ్మా. ఆయన కథ యాడైనా ఇంటారు. ఈడికే రావల్లంటే ఈ ఊరోడు గూడా ఉండల్ల గదా!"

ఆమె సూత్రం తీసేసింది. కుళ్ళాయప్ప ఛాయాధారిని చక్రాలబండి మీద వీధివీధికీ తిప్పి, తలుపులు తట్టించాడు. ఆకలి, చావు, కన్నీళ్ళ జోలికి పోరాదని దానికి గట్టిగా చెప్పాడు.

ఆ శుక్రవారం తెరమీద నవ్వుబొమ్మ ఎగిరి గంతేసింది. "మిద్దెమీద టమాటాలు పండించి, పక్కింటికి ఒక్కటీ ఇయ్యని ఓబుళమ్మ యాడుండాదబ్బా?"

సర్కిలంతా గొల్లుమంది. అందరికన్నా ఓబుళమ్మే ఎక్కువ నవ్వింది. మర్నాడు గంపెడు టమాటాలతో వచ్చి పంచింది.

నెల తిరిగేసరికి పందిరి చుట్టూ బజ్జీల బండ్లు, పూలకొట్లు వెలిశాయి. చెక్కభజనవాళ్ళు తమకూ ఒక వారం కావాలని తగాదాకు దిగారు. వెళ్ళిపోయే కుటుంబాల లెక్క ముప్ఫై ఏడు దగ్గర ఆగింది. వాటిలో రెండు తిరిగొచ్చాయి కూడా.

అయితే ఫిర్యాదులు కుప్పపడ్డాయి. పరువు పోయిందని తిట్టి ఉంటారనుకుంటూ వకుళ భయంభయంగా ఒకటి తెరిచింది. "పన్నెండు దినాలుగా వస్తాండా. మా ఇంటిమాట ఒక్కతూరీ రాలేదు. మేమీ ఊరోళ్ళం కాదా?" మిగిలినవన్నీ అదే ఏడుపు.

ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగింది. తానూ రోజూ మొదటి వరసలో కూర్చుని ఎదురుచూస్తున్నది దానికోసమే.

ఆట అయ్యాక బొమ్మలు సర్దుకుంటున్న ఛాయాధారిని మొహమాటంగా అడిగింది. "నా మాట ఎప్పుడు చెప్తావు?"

"మీ గురించి నాకేమీ తెలియదమ్మా," అంది యంత్రం. "ఊళ్ళో ప్రతి తలుపూ తట్టాను. తెరుచుకోనిది మీదొక్కటే."

మర్నాడు పొద్దున్నే వకుళ దేవుడికి దీపం పెట్టి, చల్లగది వదిలి, వీధితలుపు బార్లా తీసింది. గడపమీద కూర్చుని చక్రాలబండి చప్పుడు కోసం చెవి ఒగ్గింది.