సగం నమ్మిన టేపు

"రామ్‌చందర్ డబుల్ ఏజెంట్ సార్. ఇయ్యాల హుస్సేనీ ఆలం గోదాముల మైక్రోఫిల్మ్ విదేశోనికి ఇస్తడు."

చీఫ్ విశ్వేశ్వర్ ఫైలు మూశాడు. "ప్రూఫ్?"

"ఫిల్మ్ వాని చేతిల నా కండ్లతోని చూసిన."

"సక్కుబాయీ, నిరుడు వాని మీద నువ్విచ్చిన కంప్లెయింట్ ఆఫీసంత ఎరుకే. పాత పగతోని అంటున్నవని అనరా?"

ఆ కంప్లెయింట్ ఏజెంట్ సక్కుబాయి ఉత్తగా ఇచ్చింది కాదు. నిరుడు క్యాంపులో రామ్‌చందర్ ఆమెను చెరిచాడు. ధైర్యం చేసి చెప్పింది. ఎంక్వయిరీలో వాణ్ణి ఒక్క ప్రశ్న అడిగారు, ఆమెను వంద. ఆ గదికెందుకు పోయినవ్, ఎందుకు అరవలేదు అని. అప్పటినుంచి ఆమె మాట చిల్లిగవ్వకు చెల్లలేదు. అంతకంటే ఘోరం, ఆమెకే తన మీద నమ్మకం పోయింది. వేసిన తాళం పదేపదే లాగి చూసుకునేది. ఫిల్మ్ చూసిన రోజూ అంతే, నిజంగా చూశానా అని తనను తానే సతాయించుకుంది.

చివరికి చీఫ్ వైర్‌లెస్ వ్యాన్ తెప్పించి, తానే ఎక్కి కూర్చున్నాడు. "వాని నోట వస్తెనే రెయిడ్. నీ నోట కాదు."

గౌలిపుర పాలామె వేషం, నెత్తిన బిందె, మెడలో మైకు దాచిన తాయెత్తు. టీకి పాలు పోసే నెపంతో గోదాములోకి అడుగుపెట్టగానే వెనక గడియ పడింది. కిటికీ లేదు. ఎదురుగా రామ్‌చందర్, విదేశీయుడు. రామ్‌చందర్ సెంటు వాసన తగలగానే ఆమెకు మళ్లీ ఆ క్యాంపు గదిలోనే ఉన్నట్టయింది.

రామ్‌చందర్ ఆమెను గుర్తుపట్టగానే విదేశీయుడు పిస్టల్ తీశాడు. రామ్‌చందర్ నవ్వాడు. "గుండు దండుగ సాబ్. దీని మాట ఎవడు నమ్ముతడు?"

ఆమె అడిగింది. "గందుకేనా ఇంత ధీమా?"

"ఇంకేంది? క్యాంపుల నువ్వు వద్దువద్దని మొత్తుకున్నా ఇడువలే. లొల్లి చేసినవ్, ఏమైంది? నాకు ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు డిఫెన్స్ ఫిల్మ్ అమ్ముతున్న. పో, చెప్పుకో!"

బయట చప్పుడు లేదు. తాయెత్తు పని చేస్తోందా? వింటున్నవాళ్లు నమ్మలేదా? విదేశీయుడు ఫిల్మ్‌ను బూటు మడమలో దాచాడు. వెనక గల్లీలో కారు స్టార్టయింది. అతని చెయ్యి వెనక తలుపు మీద పడింది. సక్కుబాయి బిందె ఎత్తి అతని మొహాన విసిరింది. పాలు కళ్లలో పడి తూలాడు. అప్పుడు చీఫ్ మనుషులు ముందు తలుపు పగలగొట్టి లోపలికొచ్చారు.

సాయంత్రం ఆఫీసులో చీఫ్ టేపు మొత్తం విని ఆపాడు.

"శభాష్! ఫిల్మ్ సంగతి వానంతల వాడే ఒప్పుకున్నడు. ఇంక తిరుగులేదు."

"క్యాంపు సంగతి గూడ ఒప్పుకున్నడు గద సార్."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అది... ఏదో గొప్పకు అన్నట్టున్నది."

సక్కుబాయి తాయెత్తు విప్పి బల్ల మీద పెట్టింది. వాడి మాటల్లోనే తన నిజం ఉన్నా పనికిరాకపోయిందని ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు.

"ఒక్కటే గొంతు చెప్పినదాంట్ల సగమే వినే మిషన్ మన ఆఫీసుల ఏ శత్రుదేశపోడు పెట్టిపోయిండో గని, ముందుగాల వాన్ని పట్టుకోవాలె సార్."