కౌంటర్లో డివైన్

మెచ్చుకోవడానికి పైసా ఖర్చు లేదు గనక లోకంలో మెచ్చుకునేవాళ్ళకి కొదవ లేదు. బేకరీ కౌంటర్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి అలాంటివాళ్ళందరికీ నాయకురాలు. బన్ను డివైన్. టీ డివైన్. పోయిన కరెంటు తిరిగొస్తే ఫ్యాను గాలి కూడా డివైనే. వారం తిరక్కుండా ఆమె పేరే డివైన్ అయి కూర్చుంది.

లోపల ఓవెన్ దగ్గరుండే మాస్టర్‌కి అది వింటే ఒళ్ళు మండేది. మొదటిరోజే తగువు పడింది. కొత్తరకం రొట్టె ముక్క ఇచ్చి లోపమేదైనా ఉంటే చెప్పమంటే, ఆమె కళ్ళు అరమూసి ఆ మాటే అంది.

"దాని అర్థం తెలుసా అసలు?"

తెలుసంది. దేవుడికి సంబంధించినదని అసలు అర్థమట. ఒకప్పుడు ప్రార్థనల్లో వాడేవారట. తర్వాత జనం ఆ మాటని కిందికి దించి మంచి నిద్రకీ, చల్లటి నీళ్ళకీ, కాలికి సరిపోయిన చెప్పులకీ వాడేస్తున్నారట.

"దేవుడికి చెప్పాల్సింది బన్నుకి చెప్పేస్తే ఆయనకేం మిగులుతుంది?"

"ఆయనకేం తక్కువ మాస్టారూ? మీకే, ఒక్క మంచిమాట అనేవాళ్ళు లేరు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పైకి మాత్రం మూతి ముడుచుకుని లోపలికి పోయాడు. అది మొదలు ఏదో వంకన రోజూ ఓ ముక్క కోసి తనే కౌంటర్‌కి తెచ్చేవాడు. మొహానికి పిండి అంటిన సంగతి ఆమె నవ్వితేగాని తెలిసేది కాదు.

ఇంతలో వేరే ఊళ్ళో పెద్ద హోటల్ నుంచి అతనికి పిలుపొచ్చింది. చెప్పిన రోజు సాయంత్రం వాళ్ళ ముందు రొట్టె పెట్టాలి. నచ్చితే ఉద్యోగం, ఊరు మారడం. సరిగ్గా ఆరోజే జలుబు పట్టుకుంది. ముక్కూ నాలుకా మొద్దుబారిపోయాయి. ఓనర్ని రుచి చూడమందామంటే, ఉన్న మాస్టర్ పోతాడంటే ఏ ఓనరు నిజం చెబుతాడు? అందుకని ఆమెకే ఇచ్చాడు.

ఆమె నెమ్మదిగా నమిలింది. డివైన్ అనేసి, అతని వైపు చూడకుండా కౌంటర్‌కి వెళ్ళిపోయింది.

అతను రొట్టెని గుడ్డలో చుడుతుంటే మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఉప్పు వెయ్యడం మర్చిపోయారు. చప్పగా ఉంది."

అతని చేతులు ఆగిపోయాయి. మరి ఇందాక అలా ఎందుకు చెప్పావని అడిగాడు.

"మీకు ఆ ఉద్యోగం రాకూడదని."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"రాకపోతే ఇక్కడే ఉంటారు కదా. అబద్ధం చెప్పి రోజూ మీ మొహం ఎలా చూడను?"

ప్రేమిస్తున్నానని చెప్పేవాళ్ళు వీధికి పదిమంది. తనకి కావలసిన మనిషిని తన చేత్తోనే రైలెక్కించేవాళ్ళు ఎక్కడో గాని ఉండరు.

అతను గడియారం చూశాడు. మళ్ళీ కలిపి కాల్చడానికి టైముంది. పిండి డబ్బా ముందుకు లాక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే చెప్పాడు.

"పెళ్ళయినవాళ్ళకి హోటల్ వాళ్ళు క్వార్టర్స్ ఇస్తారట. నిన్న కనుక్కున్నాను."

"నన్ను అడక్కుండానేనా?"

"ఉద్యోగం వచ్చాక అడుగుదామని."

ఆమె లోపలికి వచ్చి ఉప్పు సీసా అందుకుని అతని ముందు పెట్టింది.

"ముందు ఇది కలపండి. పిండి పొంగేలోపు మా నాన్నకి ఫోన్ చేసి వస్తాను."