షహజాదీ పంతం

“నీ పెండ్లాం నన్ను మక్కాకు కాదు కొడుకా, ఖబరస్తాన్‌కు పంపేటట్టున్నది...” జ్వరంతో మూలుగుతూ బడేబీ అన్న ఆ మాటకు, గుమ్మంలో నిలబడిన కోడలు షహజాదీ గుండె కలుక్కుమంది. క్రితం రోజే ఆమె అత్తను రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లి యాత్రకు తప్పనిసరైన కలరా సూది వేయించింది. ఇప్పుడు చేయి వాచింది, ఒళ్లు కాలిపోతోంది. వరంగల్ కాశిబుగ్గలోని ఆ వీధి ఆడవాళ్లు మంచం చుట్టూ చేరారు. అందరి చూపులూ కోడలి మీదే.

హజ్‌కు పోవాలన్నది బడేబీ జీవితకాలపు కోరిక. ఆ ఏడు, 1964లో, ఆమెకూ కొడుకు ఖాజా మొహినుద్దీన్‌కూ బొంబాయి నుంచి పోయే ఓడలో చోటు దొరికింది. ఇల్లంతా పండగైంది. కానీ డాక్టర్ శారద బడేబీని పరీక్షించి, “ఒంట్లో రక్తం తక్కువుంది, కాళ్లలో బలం లేదు. ఇట్లయితే యాత్రకు తగునని నేను రాసివ్వలేను. మళ్లీ వచ్చేసరికి మనిషి గట్టిపడాలి” అని చెప్పేసింది. బడేబీ దవాఖాన మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. షహజాదీ ఏడవలేదు, కొంగు బిగించింది. తెల్లవారగానే అత్త చేయి పట్టుకుని వీధి చివరి వరకు నడిపించేది. ఆకుకూరలూ బెల్లమూ కొసరి కొసరి తినిపించేది. కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ముట్టనిచ్చేది కాదు. “ఎండల కాళ్లు కాలుతయి అత్తమ్మా, ఇప్పటి సంది అలవాటు కావాలె” అంటూ చెప్పులు తొడిగేది. అత్త తిట్టినా, నలుగురూ నవ్వినా, ఆమె పంతం వదల్లేదు...

సూదికి జ్వరమొచ్చిన ఆ రోజు మాత్రం ఖాజా కోపంగా లేచాడు. “ఇగ చాలు షహజాదీ. రెండో సూదీ వద్దు, ఆ నడకా వద్దు. ఎవరినన్న పట్టుకొని సూదులేసినట్టు కాయితం రాయించుకుంట. అమ్మీని జర పండుకోనియ్యి.”

“కాయితం రోగాన్ని ఆపుతదా?” అంది షహజాదీ. పెళ్లయ్యాక భర్తకు ఎదురు చెప్పడం అదే మొదలు.

“మక్కా తొవ్వల పానం పోయినా పుణ్యమే గదనే” అంది బడేబీ నీరసంగా. “మీ నాయినకు దొరకలేదా గా భాగ్యం...”

అంతే, ఇన్నేళ్లుగా దాచుకున్న దుఃఖం కట్ట తెంచుకుంది. షహజాదీ మంచం పక్కన నేల మీద కూలబడిపోయింది. “పుణ్యమే అత్తమ్మా. మా అబ్బాజాన్ గూడ గట్లనే అన్నడు. సూది వేసుకోకుంటనే ఉత్త కాయితం పట్టుకొని పోయిండు. ఓడల వాంతులు, బేదులు... జిద్దా రాకముందే పానం పోయింది. సముద్రంల ఇడిశిపెట్టిండ్రు. కాబాను ఆయన కండ్లతోని సూడనే లేదు అత్తమ్మా. మీరు సూడాలె. సూసి, మళ్ల మనింటికి రావాలె. మంచి పనికి పోతాంటే సావు ముచ్చట ఎందుకని ఇన్నొద్దులు నోరు మూసుకున్న...”

హజ్‌యాత్రలో పోయిన పుణ్యాత్ముడనే ఇన్నాళ్లూ అందరూ చెప్పుకున్నారు. ఆయన అక్కడికి చేరనే లేదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఖాజా తల వంచుకున్నాడు. బడేబీ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. వాచిన చేత్తోనే కోడలి తల నిమిరింది.

“రెండో సూదికి ఎన్నడు పోవాలె బిడ్డా?”

జ్వరం దిగిన తెల్లారే అత్త తానే చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. రెండో సూదికీ, మశూచి టీకాకూ ‘అబ్బా’ అని కూడా అనలేదు. వారాలు గడిచేకొద్దీ వీధి చివరన ఆగే నడక బజారు దాటింది. చివరి పరీక్ష రోజున డాక్టర్ శారద నాడి చూసి, కళ్లు చూసి, నమ్మలేనట్టు షహజాదీ వైపు తిరిగి, “ఏం మందు పెట్టావమ్మా?” అని నవ్వి సంతకం చేసింది.

వాళ్లు వెళ్లిన నాటి నుంచి షహజాదీకి కంటి మీద కునుకు లేదు. నమాజు చేసిన ప్రతిసారీ ఒకటే దువా... సముద్రం దాటించు అల్లా, తిరిగి దాటించు. ఓడలో చాలామంది మంచాన పడ్డారని వార్త వచ్చినప్పుడైతే ఆమె అన్నం ముట్టలేదు.

హజ్ ముగించుకుని వాళ్లు తిరిగొస్తున్న రైలు వరంగల్ స్టేషన్‌లో ఆగింది. పూలదండలతో బంధువులు ఎగబడ్డారు. ముందు ఖాజా దిగాడు. చిక్కిపోయాడు, బాగా నల్లబడ్డాడు. వెనుక బడేబీ, అందించిన చేయి వద్దని, కడ్డీ పట్టుకుని తానే దిగింది. కొత్త హాజీ చేతులు కళ్లకద్దుకోవాలని అందరూ ముందుకు తోసుకొచ్చారు. ఆమె చూపు మాత్రం గుంపులో ఎవరినో వెతికింది. దూరంగా స్తంభం పక్కన కొంగు నోటికడ్డం పెట్టుకున్న కోడలిని చూసి, జనాన్ని తప్పించుకుంటూ తానే నడిచి వెళ్లింది.

“రిక్షా తెస్త అమ్మీ” అన్నాడు ఖాజా.

“ఎందుకు? కాళ్లు లేవా నాకు?” అంటూ ఆమె షహజాదీ చేయి పట్టుకుంది. కాశిబుగ్గ దాకా అత్తాకోడళ్లు నడుస్తుంటే దుకాణాల వాళ్లు లేచి సలాం చేశారు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి బడేబీ ఒకటే మాట చెప్పింది.

“నన్ను మక్కాకు తోలుకపోయింది నా కొడుకు. పానంతోని మళ్ల ఇంటికి తెచ్చింది మాత్రం ఇగో, నా కోడలు.”

షహజాదీ తల దించుకోలేదు. కళ్లు తుడుచుకుని, అత్త చేయి గట్టిగా పట్టుకుని, ఆమె పక్కనే నిటారుగా నడిచింది.