ఆడి పద్దెనిమిది నాటి పసుపుతాడు

ముసలితనంలో నేర్చిన అక్షరాలు. తప్పులుంటే మన్నించండి. నా చెయ్యి నిదానం, కథ మాత్రం పరుగెత్తుతుంది.

"లాబ్ లోపలే దొంగ ఉండాడు బృందమ్మా," అన్నాడు చీఫ్ దొరసామి.

ఆర్.ఎస్. పురంలో చీరల కొట్టు మీది గది. కింద బేరాలు, పైన గూఢచారుల బ్రీఫింగ్. బల్ల మీద ఒక ఫోటో. పళని బస్సులో కూర్చున్నచోటే ప్రాణం పోయిన మనిషి. ఒంటి మీద గాయం లేదు.

"మన ఏజెంటే. కె-సెవెన్ వాడినారు."

ఆ మందు పుట్టిన లాబ్‌లోనే బృంద టెక్నీషియన్ వేషంలో పనిచేస్తోంది. కణం లోపల ఆక్టిన్ అనే సన్నని దారాలుంటాయి. చక్కెరను కరిగించి శక్తినిచ్చే ఎంజైముల్లో ఒకటైన ఆల్డొలేస్ ఆ దారాలను అంటుకుని ఊరికే కూర్చుంటుంది. కబురు వచ్చినప్పుడు విడివడి పనిలోకి దిగుతుంది. కాన్సర్ కణంలో ఆ కబురుకు అంతుండదు. కె-సెవెన్ ఆల్డొలేస్‌ను దారానికే కట్టిపడేస్తుంది. కణం ఆకలితో మాడుతుంది. మోతాదు మించితే మంచి కండరానికీ అదే గతి.

"మొదటి దొంగతనం తరువాత గేటులో సంచీ, చెప్పులు, కొప్పు కూడా సోదా చేస్తుండారు. అయినా ఈరోజు ఫారిన్ ముఠాకి డెలివరీ ఉందని కబురు. చిక్కులో పడితే, కొప్పులో పూల గురించి అన్నట్టు 'మల్లి వాడింది' అని కేక వెయ్యి, వేషాల్లో ఉండే మనవాళ్లు వస్తారు. నీ మొగునికి కూడా చెప్పొద్దు."

"ఆయనకి నేను స్పై అనే తెలీదు సార్," బృంద నవ్వింది.

మొగుడు ముకుంద్ అదే లాబ్‌లో సైంటిస్టు. మేనమామ కొడుకు. అతను నవ్వితే పక్క బల్లల్లో పని ఆగేది. పెళ్లయి ఆరేళ్లయినా బృందకూ ఆగేది.

ఆరోజు ఆడి నెల పద్దెనిమిదో రోజు. ముత్తైదువలు తాలితాడు మార్చుకునే పండుగ. మధ్యాహ్నం కాంటీన్‌లో ముకుంద్ కొత్త పసుపుతాడు తీశాడు.

"పళనిలో మురుగన్ పాదాల దగ్గర పెట్టి తెచ్చినాను. నేనే కట్టేదా?"

"అయ్యయ్యో, రెండోసారి పెండ్లి!" వంట చేసే కమలమ్మాళ్ బుగ్గ నొక్కుకుంది. "మా ఇంటాయన ఒకసారి కట్టినందుకే ఇంకా ఏడుస్తుండాడు!"

అందరూ నవ్వారు. బృంద పాత తాడులోని బొట్టు తీసి కొత్తదానికి ఎక్కించి తల వంచింది. తాడు గంజి పెట్టినట్టు బిరుసుగా తగిలింది.

సాయంత్రం గేటులో సోదా చేసే ఆమె కొప్పు తడిమింది, మెడ దాకా వచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. తాలి మీద చెయ్యి వేసేదెవరు?

పేరూరులో నొయ్యల్ ఏటి ఒడ్డు. ఆడవాళ్లు పాత తాళ్లను పూలతో కలిపి నీళ్లలో వదులుతున్నారు. ముకుంద్ జేబులోంచి ఇంకో తాడు తీశాడు.

"అమ్మ పంపింది. ఇది కట్టుకో. అది నాకియ్యి, ఏట్లో నేను వదుల్తాను."

బృంద నిలిచిపోయింది. మధ్యాహ్నం కట్టిన తాడును పొద్దు గుంకకముందే తీసే ఇల్లు ఎక్కడుంది? దాన్ని ఏట్లో వదలడానికి మగవాడు ఎప్పుడు వచ్చాడు?

కె-సెవెన్‌లో గుర్తు కోసం రంగు కలిపారు. నీలం వెలుగు పడితే మెరుస్తుంది. కొంగు చాటున నీలం పెన్‌టార్చి నొక్కింది. తన గుండెల మీద తాడు ఆకుపచ్చగా వెలిగింది.

పెన్ను జారిపోయింది. వేళ్లు ముడుచుకోవడం లేదు.

"ఇది తోలు గుండా ఒంటికి ఎక్కుతుందని నీకు తెలుసు కదా బావా?"

ముకుంద్ నవ్వు ఆరిపోయింది. "కొంచెం సేపే కదా అనుకున్నాను."

మరుక్షణం ఆమె మెడలో తాడు తెంపుకుని మెట్లెక్కాడు. బొట్టు జారి ఇసుకలో పడింది. పైన కారు కదలడానికి సిద్ధంగా ఉంది. లోపల కెమెరా తగిలించుకున్న విదేశీ మనిషి చెయ్యి చాచాడు. బృంద చేతులు లేవలేదు. గొంతు లేచింది.

"మల్లి వాడింది!"

మెట్ల మీద పూలమ్మే సెల్లమ్మాళ్ గంపలోంచి పిస్టల్ తీసింది. తాడు కారు కిటికీ దాటబోయేలోపు పిస్టల్ ముకుంద్ చెవికి ఆనింది. పండ్లమ్మేవాళ్లు కారు తలుపులు తెరిచారు.

"బృందా, ఎవరే నువ్వు?"

"నీ పెండ్లాన్ని బావా. నువ్వెవరో చెప్పు."

అతను ఆరేళ్లు ఆమె మెడలోని తాడును అంటుకుని అణిగి ఉన్నాడు. ఎక్కడినుంచో కబురు వచ్చింది, విడివడ్డాడు.

ఆసుపత్రిలో దొరసామి చిన్న పొట్లం తెచ్చాడు.

"తాడు ఎవిడెన్స్ అమ్మా, తిరిగి రాదు. బొట్టు నీది."

ఇంకా పట్టు రాని అరచేతిలో బంగారం చల్లగా పడింది.

"కట్టినాయన కూడా ఎవిడెన్సే కదా సార్. మరి దీన్ని నేనేమి చేసుకునేది?"

వీరమ్మాళ్, అరవై ఎనిమిది ఏళ్లు, ఇప్పుడు ఉండేది బోడినాయకనూరు.