అభ్యంతరం చెప్పే మనిషి

"దగ్గరి చూపు మసగ్గా ఉందండీ."

"దూరపు చూపో?"

"అది మొదటినుంచీ లేదు."

కోడ్ సరిపోయింది. కళ్ళద్దాల షాపతను కౌంటర్ పక్క చెక్క తలుపు ఎత్తి ఆమెను లోపలికి వదిలాడు. కళ్ళు పరీక్షించే చీకటి గది. గోడకి అక్షరాల చార్టు, దాని కింద స్టూలు, స్టూలు మీద బాస్.

డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు చెవి. పదిహేనేళ్ళుగా గోడల అవతలి మాటలు వినడమే ఆమె ఉద్యోగం కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. గొప్ప పేరేం కాదు. ఈ ఉద్యోగంలో గొప్ప పేరు తెచ్చుకున్నవాళ్ళ ఫొటోలు హెడ్ ఆఫీసు గోడ మీద దండలతో ఉన్నాయి.

"రేపు మిలిటరీ కాలేజీ గవర్నింగ్ బోర్డు కూర్చుంటోంది," అన్నాడు బాస్. "పద్నాలుగో అంశం చూడు. ఇన్నేళ్ళూ ఆ కాలేజీలో చదివిన కేడెట్ల వేలిముద్రలు, కంటిపాపల స్కాన్‌లు అన్నీ ఒక ప్రైవేట్ కంపెనీ సర్వర్‌కి పంపాలట. భద్రత కోసమట."

"కంపెనీ ఎవరిది?"

"పైకి మనవాళ్ళది. లోపల అవతలి దేశం గూఢచారి ముఠాది. చైర్మన్ ట్యాబ్లెట్ మీద వేలు పెట్టగానే డేటా వెళ్ళిపోతుంది. గంటలో వాళ్ళ బోర్డర్ మెషీన్లలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత మనవాడు ఏ పాస్‌పోర్టుతో వెళ్ళినా మెషీన్ మీద వేలు పెట్టిన క్షణం దొరికిపోతాడు."

చెవి తమ్ముడు ఆ కాలేజీలోనే చదివాడు. నాలుగేళ్ళుగా అవతలి దేశంలో నీళ్ళ మోటార్లు అమ్మే సేల్స్‌మన్ వేషంలో ఉన్నాడు. పని ముగించుకుని రేపు సాయంత్రం బోర్డర్ దాటి ఇంటికి వస్తున్నాడు.

"వాణ్ణి ఆపండి."

"ఎలా ఆపను? రూలు ప్రకారం ఫోన్ పారేసి రైలెక్కేశాడు. చెక్‌పోస్టులో దిగేదాకా మనకి దొరకడు."

"అయితే బోర్డుకి నిజం చెప్పండి."

"ఏమని? మీ కేడెట్లని గూఢచారులుగా పంపుతున్నామనా? ఆ బోర్డులో చెప్పిన మాట టీ చల్లారేలోపు ఊరంతా తిరిగొస్తుంది."

"మీటింగే జరక్కుండా చేస్తే?"

"కరెంటు తీసేసినా కొవ్వొత్తి పెట్టుకుని కానిచ్చేస్తారు. లంచ్‌కి ఇళ్ళకెళ్ళాలి కదా. ఒక్కటే దారి. ఒక్క మెంబరు అభ్యంతరం చెబితే ఆ అంశాన్ని ఆ రోజుకి ముట్టుకోరు, సబ్ కమిటీకి తోసేస్తారు. మంత్రిగారి నామినీ చేత అభ్యంతరం చెప్పిస్తానని నెమలి మాటిచ్చింది."

నెమలి ఆ కంపెనీ తరఫు కన్సల్టెంట్. ముఠా మనిషి. రెండేళ్ళుగా మన జీతం కూడా తీసుకుంటున్న డబుల్ ఏజెంట్.

"చెప్పిస్తుందా?"

బాస్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. చెవికి అర్థమైపోయింది.

* * *

మర్నాడు చెవి సౌండ్ టెక్నీషియన్. మెడలో కాంట్రాక్టర్ ఐడీ కార్డు, తల మీద నెరిసిన జుట్టు విగ్గు, చెంప మీద అతికించిన పుట్టుమచ్చ. బోర్డు రూమ్ చివర గాజు క్యాబిన్‌లో ఆడియో కన్సోల్ ముందు కూర్చుంది. ఎవరు మాట్లాడతామంటే వాళ్ళ మైకు స్లైడర్ పైకి తోయడం ఆమె పని. డిపార్ట్‌మెంట్ ఆ కన్సోల్‌కి చిన్న రిపేరు చేసింది. మైకు ఆఫ్‌లో ఉన్నా దాని ముందు గుసగుసలాడిన ప్రతి ముక్కా ఆమె హెడ్‌ఫోన్స్‌లోకి వస్తుంది.

విని విని ఆమెకి నీరసం వచ్చింది. దేశానికి ఆఫీసర్లని తయారుచేసే కాలేజీని నడిపే పెద్దమనుషులు వీళ్ళు. ఒకాయన మోకాళ్ళ నొప్పి గురించి, ఒకాయన అల్లుడి గురించి చెప్పుకుంటున్నారు. చైర్మన్ రిటైర్డ్ జనరల్. తలెత్తకుండా అంశం నంబరు చదువుతాడు, "అభ్యంతరాలు?" అంటాడు, చెక్క సుత్తితో ఒక్కటి కొడతాడు. అయిపోయింది. ఈ బోర్డులో అభ్యంతరం చెప్పడమంటే భోంచేసేవాళ్ళ ముందు ముక్కు చీదినంత అమర్యాద. అందుకే ఎవరూ చెప్పరు.

మంత్రిగారి నామినీ కుర్చీ ఖాళీగా ఉంది.

నెమలి మాత్రం వచ్చింది. నల్ల సూటు, ఎర్రటి లిప్‌స్టిక్. ఆమె సెంటు వాసనకి కునికిపాట్లు పడుతున్న మెంబర్లు కూడా సర్దుకుని కూర్చున్నారు.

టీ బ్రేక్‌లో చెవి వైర్ల చుట్ట భుజాన వేసుకుని వరండాలో ఆమెను పట్టుకుంది.

"నామినీ ఏడి?"

"రాడు. నేనే రావద్దన్నాను."

"మాటిచ్చావు."

"ఇచ్చాను. పొద్దున నా కూతురి ఫొటో పంపారు. స్కూలు గేటు దగ్గర తీసింది, ఈరోజుదే." నెమలి ఫోన్ తెరిచి చూపించింది. "నువ్వైతే ఏం చేస్తావు?"

"మా తమ్ముడు రైల్లో ఉన్నాడు."

"తెలుసు," అంది నెమలి. "నన్ను తిట్టుకో. పడతాను." అని లోపలికి వెళ్ళిపోయింది.

మిగిలింది ప్రొఫెసర్. ఆ బోర్డులో అజెండా చదివే ఒకే ఒక్క మనిషి. చేతులు కడుక్కుంటున్న ఆయన దగ్గరికి వెళ్ళింది.

"సార్, మీ మైకు సరిచూడాలి. పద్నాలుగో అంశానికి మీరేమన్నా మాట్లాడతారేమోనని."

ప్రొఫెసర్ ఆమె వైపు తేరిపార చూశాడు. తెలివైనవాడు, ఏదో ఉందని పసిగట్టాడు.

"చదివానమ్మా. పిల్లల వేలిముద్రలు ఎవడికో అప్పగించడమేంటి? తప్పు. ముమ్మాటికీ తప్పు."

"అయితే ఆ మాటే అనండి సార్. ఒక్క మాట."

ఆయన కుళాయి కట్టేశాడు. "నా పదవీకాలం పొడిగింపు పదిహేనో అంశమమ్మా," అని తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

చెవి క్యాబిన్‌లోకి వచ్చి కూలబడింది. చిన్నప్పుడు తమ్ముడికి షూ లేసులు కట్టడం నేర్పింది తనే. ఈ కాలేజీలో చేర్పించింది తనే. డిపార్ట్‌మెంట్‌కి వాడి పేరు చెప్పిందీ తనే. వాడికేమన్నా అయితే అమ్మ మొహం ఎలా చూడాలి? ఏడుపు తన్నుకొచ్చింది. మింగి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

"పన్నెండు. అభ్యంతరాలు?" టక్. "పదమూడు. అభ్యంతరాలు?" టక్.

నెమలి ట్యాబ్లెట్ తెచ్చి చైర్మన్ ముందు పెట్టింది.

అప్పుడు హెడ్‌ఫోన్స్‌లో ఒక గుసగుస వినిపించింది. నేవీ కెప్టెన్ పక్కాయన చెవి కొరుకుతున్నాడు. కెప్టెన్‌కీ, ఎదుటి వరసలోని బ్రిగేడియర్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. చైర్మన్ కుడిపక్క కుర్చీ ఎవరిదని మొదలైన గొడవ. మాటలు మానేసి ఏళ్ళయింది.

"బ్రిగేడియర్‌ని చూడండి," అంటున్నాడు కెప్టెన్. "అజెండా ఇచ్చినా, హోటల్ మెనూ ఇచ్చినా ఆయనకి ఒకటే."

"పద్నాలుగు," అన్నాడు చైర్మన్. "అభ్యంతరాలు?"

సుత్తి గాల్లోకి లేచింది. రెండో చేతి వేలు ట్యాబ్లెట్ మీదికి వంగింది.

చెవి ఆలోచించలేదు. కెప్టెన్ మైకు స్లైడర్ చివరికంటా తోసేసింది.

"సర్వీసులోనూ ఇంతేనండీ," నాలుగు స్పీకర్లూ గదంతా మోగించాయి. "ఎవరేం చెప్పినా తలూపడమే. వెనక్కి తగ్గమంటే మాత్రం అందరికంటే ముందుండేవాడు."

కెప్టెన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

బ్రిగేడియర్ ఒంటికాలి మీద లేచాడు. "నేను తలూపేవాడినా? నేనా? రాసుకోండి. ఈ అంశానికి నా అభ్యంతరం."

చైర్మన్ జీవితంలో మొదటిసారి తలెత్తాడు. ఆయన వేలు ట్యాబ్లెట్‌కి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. "ఏ అంశానికండీ?"

"ఇప్పుడు ఏది నడుస్తోందో దానికి."

పద్నాలుగో అంశం సబ్ కమిటీకి పోయింది. సోమవారం కూర్చుంటుందని అక్కడికక్కడే తేల్చారు. నెమలి ట్యాబ్లెట్ తీసుకుని, గాజు క్యాబిన్ వైపు ఒక్కసారి చూసి బయటికి నడిచింది. ఆ చూపులో కోపం లేదు, భయమే ఉంది.

* * *

సాయంత్రం చెక్‌పోస్టుకి ఇటుపక్క, కూరగాయల లారీల మధ్య ఆగిన వ్యానులో చెవి, బాస్ ఎదురుచూస్తున్నారు.

"మిగతావాళ్ళు?" అడిగింది చెవి.

"అవతల ఇంకా పదకొండు మంది ఉన్నారు. కబురు పంపాం. నలుగురు పలకలేదు. సోమవారానికి కంపెనీ ఇంకో కన్సల్టెంట్‌ని పంపుతోంది. ఈసారి క్యాబిన్‌లో వాళ్ళ టెక్నీషియన్నే పెట్టుకుంటారు."

"నెమలి?"

"చెడగొట్టింది ఆమే అనుకున్నారు. ఫోన్ పలకడం లేదు. మనవాళ్ళు వెళ్ళేసరికి పిల్ల స్కూల్లో లేదు."

చెవి కళ్ళు మూసుకుంది. ఆ స్లైడర్ తోసింది తన వేలే.

వ్యాను తలుపు జరిగింది. చేతిలో మోటారు శాంపిల్ పెట్టె, మాసిన గడ్డం, సగానికి సగం చిక్కిపోయిన మనిషి. "అక్కా," అన్నాడు. ఆమె వాడి తలని గుండెకి అదుముకుని మనసారా ఏడ్చింది.

వ్యాను కదిలాక బాస్ వాడికి విషయం చెప్పాడు. "ఈరోజు మీ బోర్డు సరేననుంటే ఈ పాటికి నువ్వు వాళ్ళ సెల్‌లో ఉండేవాడివి. ఒక్క బ్రిగేడియర్ గారు అభ్యంతరం చెప్పారు."

తమ్ముడి కళ్ళు మెరిశాయి. "బ్రిగేడియర్ గారా? ఆయన మాకు క్లాసు తీసుకున్నారక్కా. తప్పు కనిపిస్తే ఒక్కడివే అయినా లేచి నిలబడు అనేవారు. అక్కడ భయమేసిన ప్రతిసారీ ఆ మాటే తలుచుకున్నాను." అక్క వైపు తిరిగాడు. "నిజంగా అందరి ముందూ లేచి నిలబడ్డారా?"

బాస్ కిటికీలోంచి లారీలు చూడటం మొదలుపెట్టాడు.

"నిలబడ్డార్రా," అంది చెవి. "కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచారు."