టీ లేదు, యూ ఉంది

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో బాలరాజ్ బంతిపూల కుప్ప మీద కూలబడితే, ఎండకు సొమ్మసిల్లాడనుకున్నారు అందరూ. ఒకామె ముఖాన నీళ్లు చల్లింది. బేరాలు మాత్రం ఎక్కడా ఆగలేదు.

పెళ్లిదండలు కొనే వ్యాపారి వేషంలో ఉన్న సోమశేఖర్ బుట్టలు తోసుకుంటూ వచ్చి అతని తల ఒళ్లో పెట్టుకున్నాడు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు. పెదవులు అప్పటికే నల్లబడ్డాయి.

“ఇంద్రజ మేడం చెప్పమన్నది...” బాలరాజ్ గొంతు గరగరలాడింది. “టీ లేదు. యూ ఉంది.”

“ఏంది? మళ్ల చెప్పు!”

“టీ లేదన్నా... యూ ఉంది.”

అంతే. పక్కన నిలబడ్డ హమాలీ జాలిగా అన్నాడు. “పాపం, చాయ్ అడుగుతుండు.”

సోమశేఖర్ గూఢచారి విభాగంలో ఫీల్డ్ ఏజెంట్. బాలరాజ్ అతని మనిషి. అలాంటప్పుడు శవాన్ని వదిలేసి గుంపులో కలిసిపోవాలన్నది విభాగం రూల్. సోమశేఖర్ రూల్ పాటించాడు.

బహదూర్‌పురాలో మూతపడ్డ టైలర్ షాపు వెనక గదిలో చీఫ్ విజయలక్ష్మి అతని కోసం ఎదురుచూస్తోంది. బాలరాజ్ ఆఖరి మాట విని ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“కోడ్ వర్డా, మేడమ్?”

“కాదు, బయాలజీ. కూర్చో. గేదెల్ని చంపుతున్న కొత్త జ్వరానికి మన ల్యాబ్ వ్యాక్సీన్ కనిపెట్టింది. దాని ఫార్ములా అంతా ఒక డీఎన్‌ఏ ముక్కలో ఉంది. డీఎన్‌ఏ అంటే మెలితిరిగిన నిచ్చెన. రెండు పోగులు, మధ్యలో మెట్లు. మెట్ల మీద నాలుగే అక్షరాలు. ఏ, టీ, జీ, సీ. ఏకి ఎదురుగా టీ, జీకి ఎదురుగా సీ, ఎప్పుడూ అంతే. కాబట్టి పోగుల్ని విడదీస్తే దేనికదే తన జోడీని మళ్లీ కట్టుకోగలదు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. మెషిన్‌లో పెడితే సాయంత్రానికి కోట్ల కాపీలు.”

“దొంగకు ఒక్క చుక్క చాలన్నమాట.”

“చాలు. గాజుల ఎక్స్‌పోర్టర్‌నని చెప్పుకుంటూ లెనార్డ్ అనే విదేశీయుడు దిగాడు. ఒక విదేశీ మందుల కంపెనీ పంపిన మనిషి. ముందుగా వాళ్లు పేటెంట్ తీసుకుంటే మన వ్యాక్సీన్ మనకే అమ్ముతారు. ఫార్ములా తెచ్చిమ్మని వాడు మన సైంటిస్ట్ ఇంద్రజను పట్టుకున్నాడు. ఆమె వెంటనే బాలరాజ్ ద్వారా మనకు చెప్పింది. ఒప్పుకున్నట్టు నటించమని మనమే అన్నాం. ఆమెకు తెలిసిన మన మనిషి బాలరాజ్ ఒక్కడే.”

“మరి ఈ యూ?”

“అది ఆర్‌ఎన్‌ఏ అక్షరం. డీఎన్‌ఏలో రాసిన ఆర్డరును, కణంలో ప్రొటీన్ తయారయ్యే చోటికి మోసుకెళ్లే నకలు ఆర్‌ఎన్‌ఏ. ఒంటి పోగు. అందులో టీ ఉండదు, దాని బదులు యూ ఉంటుంది. అంటే ఇంద్రజ వాడికి డీఎన్‌ఏ ఇవ్వలేదు. ఆర్‌ఎన్‌ఏ ఇచ్చింది. వాడి మెషిన్‌కు దాన్ని కాపీ చేయడం చేతకాదు.”

“అయితే మనం గెలిచినట్టే కదా!”

“పొద్దున లెనార్డ్‌కు ఒక పార్సెల్ వచ్చింది. ఆర్‌ఎన్‌ఏను వెనక్కి డీఎన్‌ఏగా రాసే ఎంజైమ్. వాడికి అనుమానం వచ్చింది. అందుకే బాలరాజ్ పోయాడు. ఇంద్రజ వాడి దగ్గరే బందీగా ఉంది, పని పూర్తయ్యేదాకా బతకనిస్తాడు. పోలీసుల్ని పంపితే ఆ ఆర్‌ఎన్‌ఏ ఉన్న చిన్న గాజుసీసాను, అదే వయల్‌ను, జేబులో వేసుకుని డాబాల మీదుగా మాయమవుతాడు. వయల్‌ను నువ్వే పాడుచేయాలి.”

“ఎలా? బాంబా, యాసిడా?”

“ముట్టుకుంటే చాలు. మన చర్మం మీద, చెమటలో ఆర్‌ఎన్‌ఏను తునాతునకలు చేసే ఎంజైమ్ ఉంటుంది. ల్యాబ్‌లో గ్లవ్స్ లేకుండా ఎవరూ దాని దగ్గరికి పోరు.”

“ఇంద్రజ?”

“ముందు వయల్. వీలైతే ఆమె.”

బాలరాజ్‌ను ఈ పనిలో దించినప్పుడు కూడా చీఫ్ ఆ ‘వీలైతే’ అనే మాటే వాడింది.

పాతబస్తీలో లక్కగాజుల కార్ఖానా పైగది లెనార్డ్ అడ్డా. విభాగం ఆ గల్లీకి కరెంటు తీయించింది. జనరేటర్ కాపీ మెషిన్‌కే సరిపోయింది, ఫ్రిజ్ ఆగిపోయింది. వయల్ చల్లగా ఉండాలి. దాంతో ఐస్ కోసం ఫోన్ చేశారు. ఆ ఫోన్ విభాగానికే చేరింది. గళ్ల లుంగీ కట్టి, గోనెసంచిలో ఐస్‌గడ్డ భుజాన వేసుకుని సోమశేఖర్ వచ్చాడు.

“ఏంది భాయ్, గింత లేటా? పైన సాబ్ మస్తు లొల్లి చేస్తుండు!” మెట్ల దగ్గర కాపలా ఉన్న మహేష్ కసిరాడు. నడుము, జేబులు, చెప్పులు కూడా తడిమాడు.

“ట్రాఫిక్ అన్నా. ఫికర్ చెయ్యకు, ఐస్ గట్టిగనే ఉన్నది.”

పిస్టల్ తెచ్చి ఉంటే అక్కడే దొరికిపోయేవాడు. చొక్కా గుండీలో దాగిన మైక్ ఒక్కటే అతని దగ్గరున్న ఆయుధం.

పైన ఇంద్రజ హోటల్ పార్టీకి బయల్దేరినట్టు మెరూన్ పట్టుచీరలో ఉంది. చేతులకు మాత్రం ల్యాబ్ గ్లవ్స్. చెమటకు కాటుక కరిగి చెంప మీదికి జారింది. ఆమె ముందు మూత తీసిన చిన్న వయల్. పక్కనే లెనార్డ్. అతని ఒక చేతిలో పార్సెల్‌లో వచ్చిన ఎంజైమ్ నింపిన, చుక్కలు వేసే పిపెట్, మరో చేతిలో పిస్టల్.

“చాయ్ తాగిన్రా, మేడం?” ఐస్ దించుతూ అడిగాడు సోమశేఖర్.

ఆమె తలెత్తింది. “టీ లేదు,” అంది మెల్లగా.

“బాలరాజ్ చెప్పిండు.”

“ఎట్లున్నడు?”

సోమశేఖర్ ఐస్ కొట్టే వంకతో తల దించుకున్నాడు. ఆమెకు అర్థమైంది.

“ఏమంటున్నాడు?” లెనార్డ్ ఇంగ్లీషులో గద్దించాడు.

“ఐస్‌కు రేటు పెంచమంటున్నాడు,” ఆమె కూడా ఇంగ్లీషులోనే చెప్పింది.

లెనార్డ్ నవ్వి పిపెట్ మొనను వయల్ మీదికి దించాడు. చుక్క వేలాడింది. ఆ క్షణంలో సోమశేఖర్ చెయ్యి చాచి వయల్ లాక్కున్నాడు. చెమట కారే బొటనవేలిని దాని మూతికి గట్టిగా నొక్కి తలకిందులు చేశాడు. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ.

పిస్టల్ లేచింది. ఇంద్రజ ఆ చేతి మీద పడింది. తుపాకీ పేలింది. సోమశేఖర్ ఐస్‌గడ్డను రెండు చేతులా ఎత్తి లెనార్డ్ తల మీద దించాడు. కింద, మైక్‌లో విని పరుగెత్తుకొచ్చిన పోలీసుల బూట్ల చప్పుడు.

ఇంద్రజ గోడకు ఆనుకుని కూర్చుంది. గ్లవ్ చిరిగి కుడి అరచెయ్యి ఎర్రటి ముద్దయింది. బొటనవేలి జాగాలో ఏమీ లేదు.

“పాడైందా?”

“అయింది.”

“గ్లవ్స్ లేకుంట ముట్టినవ్. మా ల్యాబ్‌లైతే తిట్టి పంపిస్తుంటి.” నవ్వబోయి స్పృహ తప్పింది.

లెనార్డ్ తలకు కట్టు కట్టుకుని, ఏదో రాయబార కార్యాలయం కాగితం చూపించి, మర్నాటి విమానంలో దర్జాగా వెళ్లిపోయాడు. ల్యాబ్ సొత్తు దొంగిలించిందని ఇంద్రజను ఆస్పత్రి మంచం మీదే అరెస్టు చేశారు.

“ఆమె మన మనిషి, మేడమ్!”

“నాకు తెలియదా?” విజయలక్ష్మి అతని వైపు చూడలేదు. “కానీ ఆమెతో మాట్లాడింది బాలరాజ్ ఒక్కడే, అతను లేడు. కోర్టులో మన విభాగం పేరు రాకూడదు.”

సోమశేఖర్ ఆ సాయంత్రం బహదూర్‌పురాలో బాలరాజ్ అక్క పుష్పమ్మ పాలడెయిరీకి వెళ్లాడు. తమ్ముడు పనిచేసే ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ మేనేజర్ ఇతనేనని ఆమె నమ్మకం. కొట్టంలో సగం గుంజలు ఖాళీగా ఉన్నాయి.

“గుండె ఆగిందన్నరు సారూ.”

“అవునక్కా.”

“మావోని గుండె మస్తు గట్టిది ఉండె.” ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. “బర్లకు మందొస్తది, జరంత ఓపిక పట్టక్కా అంటుండె. నిజమేనా?”

“వస్తదక్కా. మన మందే.”

ఆ మాట అన్నప్పుడు అతను దాన్ని నమ్మాడు.

వానలు మొదలయ్యాక విజయలక్ష్మి మళ్లీ పిలిచింది. ఇంద్రజకు అప్పటికీ బెయిల్ రాలేదు. చీఫ్ ఒక ఫైలు అతని వైపు జరిపింది.

“వ్యాక్సీన్ తయారీకి మనకు అంత పెద్ద ఫ్యాక్టరీ లేదట. పైవాళ్లు లెనార్డ్ కంపెనీతోనే ఒప్పందం చేసుకున్నారు. సాంకేతిక సహకారం. అసలు డీఎన్‌ఏ రేపు వాళ్లకు వెళ్తుంది. తీసుకోవడానికి లెనార్డే వస్తున్నాడు. ఎయిర్‌పోర్ట్ దాకా దానికి ఏ ప్రమాదమూ రాకుండా చూడాలి. నువ్వే ఎస్కార్ట్.”

సోమశేఖర్ లేచి నిలబడ్డాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“రసీదు తీసుకోమంటారా, మేడమ్?”